సైకాలజీ, శిశు వికాసం డిగ్రీ తరువాత: పై చదువును, ఉద్యోగాన్ని నిర్ణయించుకునే విధానం

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్న సైకాలజీ విద్యార్థులు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "పీజీ ఎక్కడ చేస్తే మంచిది?" జవాబు చెప్పే ముందు నేను వారిని మరొక ప్రశ్న అడుగుతాను. ఐదేళ్ల తరువాత ఒక మామూలు మంగళవారం ఉదయం పది గంటలకు మీ ఎదుట ఎవరు కూర్చుని ఉండాలని కోరుకుంటున్నారు? మూడేళ్లు నిండినా మాట రాని పిల్లవాడూ, వాడిని ఒళ్లో పెట్టుకున్న తల్లీనా? ఇంటర్ తప్పి అన్నం మానేసిన అమ్మాయా? పోక్సో కేసులో సాక్ష్యం చెప్పవలసిన పదకొండేళ్ల పాపా? లేక ఎవరూ లేకుండా, ఎదురుగా పరిశోధన కోసం సేకరించిన అంకెలు మాత్రమేనా? ఈ నాలుగూ సైకాలజీ పనులే. కానీ వీటికి కావలసిన చదువులు వేరు, పెట్టవలసిన ఏళ్లు వేరు, చట్టం అడిగే అర్హతలు కూడా వేరు. అందుచేత ముందు పనిని ఎంచుకుని, ఆ పని అడిగే అర్హతను కాగితం మీద రాసుకుని, అక్కడి నుంచి వెనక్కు లెక్క వేసుకుంటూ కోర్సు దగ్గరికి రావాలి. మన దగ్గర చాలామంది దీనికి తిరుగుదారిలో నడుస్తారు. ఏ సీటు వస్తే దానిలో చేరి, రెండేళ్లు గడిచాక ఆ పట్టాతో ఏ పని చేయవచ్చో విచారించడం మొదలుపెడతారు.

ఏ పేరుకు ఏ అర్హత కావాలి

'సైకాలజిస్టు' అనే మాటను అందరూ ఒకే అర్థంలో వాడుతున్నా, చట్టం దృష్టిలో అది ఒకే మాట కాదు. 1992 నాటి చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలిని అందరూ ఆర్‌సీఐ అని పిలుస్తారు. క్లినికల్ సైకాలజిస్టులు, పునరావాస సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్ల పేర్లు ఆ మండలి కేంద్ర రిజిస్టరులో నమోదు కావాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టును నిర్వచించేటప్పుడు ఆర్‌సీఐ ఆమోదం పొందిన శిక్షణనే కొలమానంగా తీసుకున్నది. అంటే ఎం.ఏ. సైకాలజీలో బంగారు పతకం వచ్చినా, ఆసుపత్రిలో రోగులను చూస్తూ చేసే ఆ పర్యవేక్షిత శిక్షణ లేకపోతే మిమ్మల్ని మీరు క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోకూడదు. ఇక ఆర్‌సీఐ పరిధిలోకి రాని సైకాలజిస్టులను, ప్రవర్తన విశ్లేషకులను, కొన్ని రకాల కౌన్సెలర్లను 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన పట్టికలో చేర్చింది.

ఈ 2021 చట్టం ప్రభావం ఇప్పటికే మన విద్యార్థుల మీద పడింది. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ పూర్తి చేయడం మన రెండు రాష్ట్రాలలో ఎంతోమంది నడిచిన దారి. ముఖ్యంగా పెళ్లయ్యాక చదువు కొనసాగించిన మహిళలకు అదొక్కటే అందుబాటులో ఉండేది. ఈ చట్టాన్ని ఆధారం చేసుకుని యూజీసీ, 2025 జూలై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ బోధించరాదని ఆదేశించింది. కాబట్టి ఎవరైనా ఇప్పుడు "ఇంట్లో కూర్చునే ఎం.ఏ. సైకాలజీ చేయవచ్చు" అని ప్రకటన ఇస్తే, డబ్బు కట్టే ముందు యూజీసీ వెబ్‌సైటులో ఆ కోర్సుకు అనుమతి ఉన్నదో లేదో మీ కళ్లతో మీరే చూసుకోవాలి.

ఎం.ఫిల్. విషయంలోనూ పాత సమాచారం ఇంకా చెలామణిలో ఉన్నది. ఎం.ఏ. తరువాత రెండేళ్ల ఎం.ఫిల్. చేసి క్లినికల్ సైకాలజిస్టు కావడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. 2022 నవంబరు నిబంధనలతో యూజీసీ ఎం.ఫిల్. పట్టాను రద్దు చేసింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు ప్రవేశాలకు మినహాయింపు ఇచ్చింది. అందువల్ల ఇకమీదట ఈ దారిలో వెళ్లదలచినవారు సీనియర్లు చెప్పిన కోర్సు పేరును పట్టుకుని ఉండకూడదు. తాము చేరబోయే సంవత్సరానికి ఆర్‌సీఐ ఆమోదించిన కోర్సుల జాబితాను, ఆ కోర్సు నడుపుతున్న సంస్థల జాబితాను, ఒక్కొక్క సంస్థకు ఇచ్చిన ఆమోదం ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో ఆ వివరాన్ని కలిపి చూసుకోవాలి. సంస్థకు ఆమోదం గడువు ముగిసిపోయి ఉంటే పట్టా వచ్చినా రిజిస్టరులో పేరు ఎక్కదు.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి డిగ్రీ కాగానే ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో ఆరు నెలల 'చైల్డ్ సైకాలజీ డిప్లొమా' చేసింది. ఫీజు కోసం వాళ్ల అమ్మ గాజులు తాకట్టు పెట్టారు. తరువాత ఆమె ఒక చిన్న కేంద్రంలో చేరి, ఒక పిల్లవాడికి బుద్ధి పరీక్ష చేసి నివేదిక రాసి ఇచ్చింది. తండ్రి దాన్ని పట్టుకుని, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి వెళితే, సంతకం కింద రిజిస్ట్రేషన్ సంఖ్య లేదని వెనక్కు పంపారు. ఆయన ట్రాక్టరు కూలీ. రెండు రోజుల పని పోగొట్టుకుని పిల్లవాడిని మళ్లీ పట్నం తీసుకుపోవలసి వచ్చింది. ఆ అమ్మాయి చేసిన పరీక్షలో తప్పేమీ లేదు. చేసే అధికారం ఆమెకు లేదని ఎవరూ ముందుగా చెప్పలేదు, అంతే. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఆ రోజు ఆమె ముఖం.

పిల్లలతో పని చేయాలనుకునేవారికి ఉన్న దారులు

శిశు వికాసం చదివినవారు తమ పట్టా సైకాలజీ కంటే తక్కువని అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను. అది నిజం కాదు. హైదరాబాదు సైఫాబాద్‌లోని హోం సైన్స్ కళాశాలలోగానీ, గుంటూరులోని కమ్యూనిటీ సైన్స్ కళాశాలలోగానీ మానవ వికాసం చదివినవారికి, బి.ఏ.లో మూడు సబ్జెక్టులలో ఒకటిగా సైకాలజీ చదివినవారికి సాధారణంగా లేని ఒక బలం ఉంటుంది: వారు పిల్లలను నర్సరీలో రోజూ చూసి, రాసి, బోధించి వచ్చినవారు. పై చదువుకు వారు మానవ వికాసం, కుటుంబ అధ్యయనంలో ఎం.ఎస్సీ. చేయవచ్చు. యూజీసీ నెట్‌లో హోం సైన్స్ ఒక ప్రత్యేక సబ్జెక్టు, అందులో మానవ వికాసం ఒక భాగం. కాబట్టి అధ్యాపక వృత్తికి, పరిశోధన భృతి ఇచ్చే జేఆర్‌ఎఫ్‌కు ఆ వైపు నుంచి కూడా వెళ్లవచ్చు.

పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల లోపు పిల్లల ఎదుగుదల లోపాలను గుర్తించి సాయపడే పని మీకు నచ్చితే, ముందుగా సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థను చూసి రండి. 1984లో ప్రారంభమైన ఈ సంస్థను ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, పాతవారు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం స్పెషల్ ఎడ్యుకేషన్, ప్రారంభ దశ జోక్యం, పునరావాస సైకాలజీ వంటి కోర్సులు నడిపిన సంస్థ మన ఊళ్లోనే ఉన్నా, బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పేరు తెలిసినంతగా దాని పేరు మన విద్యార్థులకు తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆటిజం తీవ్రతను కొలవడానికి దేశమంతటా వాడే నలభై అంశాల భారతీయ మాపకం తయారైనది అక్కడే.

ప్రభుత్వంలో ఈ పనికి ఉన్న చోటు జిల్లా సత్వర చికిత్సా కేంద్రం, అందరూ డైక్ అని పిలిచేది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలలో పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదల ఆలస్యాలు అనే నాలుగింటిని అంగన్‌వాడీల్లో, బడుల్లో గుర్తించి ఈ కేంద్రాలకు పంపుతారు. అక్కడ సైకాలజిస్టుకు, ప్రారంభ జోక్య నిపుణులకు స్థానం ఉన్నది. ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలో ఉంటాయన్నది ముందే తెలుసుకుని వెళ్లాలి. అయితే ఒక ఏడాదిలో అక్కడ చూసే పిల్లల వైవిధ్యం ప్రైవేటు క్లినిక్‌లో ఐదేళ్లలో కూడా చూడలేరు.

స్పెషల్ ఎడ్యుకేషన్ వైపు నేను కొంచెం ఎక్కువ మొగ్గు చూపుతానని ఒప్పుకుంటాను. ఆర్‌సీఐ గుర్తించిన రెండేళ్ల బి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ చేసినవారికి రిజిస్ట్రేషన్, బడి ఉద్యోగం అనే రెండు తలుపులూ తెరుచుకుంటాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆ పై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులు ఉండాలని, సుప్రీంకోర్టు 2021 తీర్పు తరువాత, కేంద్ర ప్రభుత్వం 2022లో నిర్ణయించింది. ఆ తరువాత 2024లో తెలంగాణ డీఎస్సీ ప్రకటించిన 11,062 పోస్టులలో 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్‌వే: 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్జీటీలు. సైకాలజీ చదివి ఈ బి.ఎడ్. చేసిన ఉపాధ్యాయుడికి, పిల్లవాడు ఎందుకు రాయలేకపోతున్నాడో, ఎలా నేర్పితే రాస్తాడో రెండూ తెలుస్తాయి.

బడిలో కౌన్సెలర్ కావాలంటే దారి క్లినికల్ సైకాలజీ కంటే కొంచెం పొట్టిది. సీబీఎస్ఈ గుర్తింపు నిబంధనల ప్రకారం సెకండరీ, సీనియర్ సెకండరీ బడులు కౌన్సెలర్‌ను నియమించుకోవాలి. ఎం.ఏ. సైకాలజీతో పాటు ఎన్‌సీఈఆర్‌టీ నడిపే మార్గదర్శన, కౌన్సెలింగ్ డిప్లొమా ఉంటే బడులు గౌరవిస్తాయి. దక్షిణాది రాష్ట్రాలకు దాని కేంద్రం మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ. అయితే మన బడులలో 'కౌన్సెలింగ్' అంటే తల్లిదండ్రులకు ముందుగా గుర్తుకొచ్చేది ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) సీట్ల కేటాయింపు. కౌన్సెలర్‌కు క్రమశిక్షణ కమిటీ పనో, ఖాళీ పీరియడ్లలో తరగతి కాపలా పనో అప్పగించడం కూడా మామూలే. ఇంటర్వ్యూలోనే "విద్యార్థితో ఏకాంతంగా మాట్లాడడానికి గది ఉందా? అక్కడ మాట్లాడినది ప్రిన్సిపాల్‌కు నివేదించాలా?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుతో ఉద్యోగం ఎలాంటిదో తెలిసిపోతుంది.

బాలల రక్షణ రంగం మరొకటి. 2015 బాల న్యాయ చట్టం కింద ప్రతి జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉంటాయి. పరిరక్షణ విభాగంలో కౌన్సెలర్లు, సామాజిక కార్యకర్తలు పనిచేస్తారు. కమిటీ సభ్యత్వానికి చట్టం పేర్కొన్న చదువులలో బాలల మనస్తత్వ శాస్త్రం, మానవ వికాసం రెండూ ఉన్నాయి. దానితో పాటు పిల్లల రంగంలో ఏడేళ్ల పని అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. అంటే ఇరవై రెండేళ్ల వయసులో విభాగంలో చేరినవారు ముప్పై ఐదు దాటాక కమిటీలో కూర్చోవడానికి తయారవుతారు. ఐసీడీఎస్ సూపర్‌వైజరు, సీడీపీఓ పోస్టులకు సర్వీస్ కమిషన్ల ప్రకటన వచ్చినప్పుడు మాత్రం అర్హత వాక్యాన్ని అక్షరం అక్షరం చదవండి. హోం సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ ఉన్నచోట సైకాలజీ పేరు ప్రతిసారీ ఉండదు.

మానవ వనరులు, వినియోగదారుల పరిశోధన వంటి కంపెనీ ఉద్యోగాలకు సైకాలజీ పట్టా పనికొస్తుంది. అక్కడ అడిగేది గణాంకాలు, ఇంటర్వ్యూ నైపుణ్యం, మంచి ఇంగ్లీషు కాబట్టి ఆ దారిని వివరంగా ఇక్కడ చెప్పడం లేదు.

ఆఖరి ఏడాదిలో ఏం చేయాలి

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులకు మొదటి ఏడాది తరువాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఆ పైన ఇంటర్న్‌షిప్‌లు పాఠ్యప్రణాళికలోనే ఉన్నాయి. చాలామంది తెలిసిన ఆఫీసులో సంతకం పెట్టించుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. మీ జీవితంలో ఇంత చవకగా దొరికే అనుభవం మళ్లీ రాదు, దాన్ని అలా పారేయకండి. మండల కేంద్రంలో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రం ఉంటుంది. ప్రత్యేక అవసరాల పిల్లలకు అక్కడ ఫిజియోథెరపీ, పాఠాలు సాగుతుంటాయి. అక్కడి రిసోర్స్ పర్సన్‌ను అడిగి వారానికి రెండు రోజులు కూర్చోండి. తెలంగాణ విద్యార్థులకూ ఇదే చెబుతాను.

కూర్చున్నప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. దానిలో ఏం రాయాలో ఒక ఉదాహరణతో చెబుతాను. మొదటి వారం నా విద్యార్థులు ఇలా రాస్తారు: "బాబు మొండివాడు, మాట వినడు." నేను దాన్ని కొట్టివేసి, చూసినది మాత్రమే రాయమంటాను. మూడో వారానికి అదే విద్యార్థి ఇలా రాస్తాడు: "పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే ఒకసారి తల తిప్పాడు. బయట ఆటో చప్పుడు వినగానే కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నీళ్ల సీసా చూపించాడు, వేలు పెట్టి చూపలేదు." ఈ రెండో గమనికలో వినికిడి గురించి, చూపు కలపడం గురించి, సైగ గురించి మూడు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిదానిలో తీర్పు తప్ప మరేమీ లేదు. సొంతంగా రాసిన ఇలాంటి ఇరవై పేజీలు పీజీ ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే బలంగా నిలుస్తాయి. పిల్లల అసలు పేర్లు మాత్రం ఎక్కడా రాయకండి.

పరీక్ష చేయడాన్ని కూడా దగ్గర నుంచి చూడండి, మీరు చేయకండి. సెగ్విన్ ఫార్మ్ బోర్డు అనే చెక్క పలకలో పది ఆకారాల గుంటలు ఉంటాయి. పిల్లలు పది దిమ్మలను మూడుసార్లు అమరుస్తారు, మూడింటిలో తక్కువ పట్టిన సమయం లెక్కలోకి వస్తుంది. గడియారాన్ని మాత్రమే చూసేవారికి సెకన్లు కనిపిస్తాయి. అనుభవమున్న సైకాలజిస్టు మాత్రం, నక్షత్రం దిమ్మను పిల్ల తప్పు గుంటలో ఒత్తి ఒత్తి చూస్తున్నదా, లేక తీసి తిప్పి మరోచోట పెడుతున్నదా, రెండోసారికి మొదటిసారి నేర్చినది గుర్తున్నదా, ప్రతి దిమ్మకూ తల్లి ముఖం వైపు చూస్తున్నదా అన్నవి చూస్తారు. ఆ సూచనలను తెలుగులో, ఆ పిల్ల ఇంట్లో వాడే మాటల్లో చెప్పగలగడం మీకున్న పెద్ద ఆస్తి. శ్రీకాకుళం తల్లి మాటను, ఆదిలాబాద్ తల్లి మాటను అర్థం చేసుకుని అడగగలిగేవారు ఈ రంగానికి చాలా అవసరం.

ఇక ప్రవేశ పరీక్షలు. తెలంగాణ విశ్వవిద్యాలయాలకు ఉస్మానియా నిర్వహించే సీపీగెట్, ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంతో పాటు ఇతర కేంద్రీయ సంస్థలకు సీయూఈటీ పీజీ రాయాలి. ఆరోగ్య మనస్తత్వ శాస్త్రం వైపు, మెదడు-జ్ఞాన ప్రక్రియల పరిశోధన వైపు ఆసక్తి ఉన్నవారికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రెండింటికీ వేర్వేరు కేంద్రాలు ఉన్నాయి. ప్రశ్నపత్రాలలో పరిశోధన పద్ధతులు, గణాంకాల దగ్గరే మన విద్యార్థులు ఎక్కువగా వెనుకబడుతున్నారు. లెక్కలు తప్పించుకోవడానికి సైకాలజీ తీసుకున్నవారు చాలామంది ఉంటారు. టి-పరీక్ష, సహసంబంధం, వైవిధ్య విశ్లేషణ అనే మూడింటిని చేత్తో ఒకసారి లెక్క కట్టి చూస్తే ఆ భయం సగానికి పైగా పోతుంది.

పరిశోధన వైపు వెళ్లేవారికి నెట్ ముఖ్యం. ఎం.ఏ.లో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం ఉండాలి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారికి కూడా 2024 నుంచి అవకాశం ఇచ్చారు. జేఆర్‌ఎఫ్ భృతి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఇంటి మీద ఆధారపడకుండా పీహెచ్‌డీ చేయడానికి మధ్యతరగతి విద్యార్థికి దీనికి మించిన ఆధారం లేదు.

విదేశాలకు వెళ్లాలనుకుంటే

అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులు సాధారణంగా కంప్యూటర్ కోర్సుల లెక్కలను సైకాలజీకి కూడా వర్తింపజేసి పొరపడతారు. అక్కడ చదువయ్యాక పన్నెండు నెలల పని అనుమతి ఎవరికైనా వస్తుంది. మరో ఇరవై నాలుగు నెలల పొడిగింపు మాత్రం ఆ దేశం స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సులకే. పరిశోధన స్వభావం కలిగిన డెవలప్‌మెంటల్ సైకాలజీ, కాగ్నిటివ్ సైకాలజీ ఆ జాబితాలో ఉన్నాయి. క్లినికల్, కౌన్సెలింగ్ కోర్సులు లేవు. విశ్వవిద్యాలయం తన కోర్సుకు ఏ కోడ్ వాడుతున్నదో అప్లికేషన్ ఫీజు కట్టక ముందే ఈమెయిల్ రాసి కనుక్కోండి. అప్పు చేసి రెండేళ్ల మాస్టర్స్‌కు వెళ్లడం కంటే, ట్యూషన్ మాఫీతో పాటు భృతి ఇచ్చే పీహెచ్‌డీకి నేరుగా దరఖాస్తు చేయడం మన కుటుంబాలకు క్షేమమని నా అభిప్రాయం. వాటిలో చాలావాటికి గడువు డిసెంబరులోనే ముగుస్తుంది కాబట్టి జూన్ నుంచే సిద్ధం కావాలి. బ్రిటన్‌లో 'క్లినికల్ సైకాలజిస్టు', 'ఎడ్యుకేషనల్ సైకాలజిస్టు' అనే పేర్లు చట్టం కాపాడినవి. ఏడాది మాస్టర్స్ చేసినంత మాత్రాన అవి రావు.

దరఖాస్తుతో పంపే ఉద్దేశ పత్రం (ఎస్ఓపీ) రాసేటప్పుడు "చిన్నప్పటి నుంచి మనుషుల మనసులను అర్థం చేసుకోవాలనే తపన" అనే వాక్యంతో మొదలుపెట్టకండి, చదివేవారి ముందు అలాంటివి గుట్టగా ఉంటాయి. నీళ్ల సీసా చూపించిన ఆ పిల్లవాడితో మొదలుపెట్టి, వాడు మీలో రేపిన ప్రశ్నను, దానికి మీరు వెతికిన జవాబును, ఇంకా దొరకనిదేమిటో రాయండి. సిఫారసు లేఖలు ఇచ్చే అధ్యాపకులకు కనీసం ఆరు వారాల ముందు మీ మార్కుల పట్టిక, ప్రాజెక్టు నివేదిక, ఆ నోటు పుస్తకంలోని నాలుగు పేజీలు ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే వారు "క్రమశిక్షణ గల విద్యార్థి" అని మాత్రమే రాయగలరు.

ఇంట్లో మాట్లాడవలసిన సంగతి

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఆశయాల కంటే ముందు ఏళ్లూ డబ్బూ చెప్పండి. క్లినికల్ సైకాలజిస్టు కావడానికి మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ, ఆ పైన కనీసం రెండేళ్ల వృత్తి శిక్షణ, మొత్తం ఏడేళ్లు. స్పెషల్ ఎడ్యుకేటర్‌కు డిగ్రీ తరువాత రెండేళ్లు. బడి కౌన్సెలర్‌కు పీజీతో పాటు ఇంకొక ఏడాది. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ లెక్క మరీ ముఖ్యం, ఎందుకంటే వారి మనసులో పెళ్లి వయసు లెక్క కూడా నడుస్తుంటుంది. ఏ మజిలీలో ఆగినా చేతిలో ఏ ఉద్యోగం ఉంటుందో చూపించగలిగితే, ఆ సంభాషణ వాదనగా మారకుండా సాగుతుంది.

వృత్తి శిక్షణలో సీట్లు చాలా తక్కువ కాబట్టి మొదటిసారే రాకపోవచ్చు. అప్పుడు ఆ ఏడాదిని కోచింగ్ గదిలోనే గడపకుండా, జీతం తక్కువైనా సగం రోజు పిల్లలున్న చోట పని చేయండి. 14416 నంబరుతో 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న, ఫోనులో మానసిక ఆరోగ్య సాయం అందించే టెలీమానస్ కేంద్రాలలో కౌన్సెలర్ల నియామకాలు ఎప్పుడు జరుగుతాయో, మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఖాళీలు ఉన్నాయో లేదో కనుక్కుంటూ ఉండండి. కలెక్టరేటు నోటీసు బోర్డును నెలకొకసారి స్వయంగా వెళ్లి చూడండి, ఈ కాంట్రాక్టు ప్రకటనలు చాలావరకు వారం పది రోజుల గడువుతోనే వస్తాయి. దరఖాస్తుతో జతచేయవలసిన పట్టాలు, కుల ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు నాలుగేసి నకళ్లు తీయించి, ఆ నోటు పుస్తకం పక్కనే ఒక కవరులో ఉంచుకోండి.